అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్: రాష్ట్రాలు పెరిగాయి, మరి దూరం?

అమెరికా రోడ్ల మీద లారీ తోలే ఈ కంప్యూటర్ ఆట మీద వచ్చే రివ్యూల్లో కొత్త రాష్ట్రం ఎలా ఉంది, ఏ బండి ఇంజిన్ సౌండు బాగుంది, వాన పడితే అద్దం మీద చుక్కలు ఎలా జారుతున్నాయి అని రాస్తుంటారు. అవన్నీ ఉన్నాయి, బాగానే ఉన్నాయి. నేను మాత్రం దూరం గురించి రాస్తాను. 2016 నుంచి పెరుగుతూ వస్తున్న మ్యాపు ఇది. పెరిగేకొద్దీ అందులో దూరాలు ఎలా మారాయి, ఏ రోడ్డు మీద దూరం దూరంలా అనిపిస్తుంది, ఎక్కడ తేలిపోతుంది అన్నదే నాకు ముఖ్యం.

మాది విజయవాడ. నాన్న చాలాకాలం లారీ డ్రైవరు, తర్వాత సొంత బండి కొనుక్కున్నారు. మా ఇంట్లో ఊరి పేరు వెంటే కిలోమీటర్లు వినిపించేవి. హైదరాబాద్ అంటే 275, కలకత్తా అంటే 1,200 పైచిలుకు. కిరాయి ఎంత అడగాలి, డీజిలుకి ఎంత పోతుంది, ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ పడుకోవాలి, అన్నిటికీ ఆ అంకే మూలం. అందుకే లారీ ఆట అని ఎవరు చెప్పినా నేను ముందు చూసేది అక్కడ దూరానికి ఏమైనా విలువ ఉందా అని.

చెక్ రిపబ్లిక్‌లో ప్రాగ్ కేంద్రంగా ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ ఈ ఆటని 2016 ఫిబ్రవరిలో విడుదల చేసింది. మొదట ఉన్నవి కాలిఫోర్నియా, నెవాడా. అదే ఏడాది జూన్‌లో అరిజోనా ఉచితంగా కలిపారు. అప్పటి స్కేలు 1:35. అంటే అమెరికాలో 35 కిలోమీటర్లున్న రోడ్డుకి ఆటలో ఒక కిలోమీటరు వేశారు. ఇదే కంపెనీ 2012లో తెచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో స్కేలు 1:19. యూరప్‌లో లారీ తోలి అలవాటైనవాళ్లు అమెరికాకి వచ్చేసరికి, అంత పెద్ద దేశం కాస్తా గుప్పెడంత అయిపోయింది. ఎడారి మొదలైందని అనుకునేలోపే అవతలి ఊరి బోర్డు కనిపించేది. ఆడేవాళ్లు గట్టిగానే అడిగారు. కంపెనీ విన్నది. 2016 చివర్లో వచ్చిన 1.5 అప్‌డేట్‌లో మొత్తం మ్యాపుని 1:20కి మార్చేశారు.

ఈ ఒక్క నిర్ణయం వల్లే నేను ఈ ఆటని గట్టిగా సిఫారసు చేస్తాను. అప్పటికే అమ్మేసిన మ్యాపు అది. దాన్ని అలాగే వదిలేసి కొత్త రాష్ట్రాలు విడివిడిగా అమ్ముకుంటూ పోయినా ఎవరూ ఆపేవాళ్లు కాదు. పైసా తీసుకోకుండా మూడు రాష్ట్రాల్లో ప్రతి రోడ్డు పొడవునీ 75 శాతం పెంచారు. పొడవు 75 శాతం పెరిగిందంటే విస్తీర్ణం మూడింతలు అయినట్టు. ఊళ్లన్నీ జరిగాయి, ఊళ్ల మధ్య కొత్తగా ఖాళీ పుట్టింది, ఆ ఖాళీలో కొండలు, పొలాలు, పెట్రోలు బంకులు పెట్టాల్సి వచ్చింది.

స్కేలు అంటే ఏమిటో మన రోడ్ల మీద పెట్టి చూస్తే వెంటనే తెలుస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు. 1:20 అంటే 14 కిలోమీటర్లు కూడా రాదు. బెంజ్ సర్కిల్‌లో బయలుదేరితే గన్నవరం చేరేలోపే హైదరాబాద్ వచ్చేసినట్టు. 1:35 అంటే ఎనిమిది కిలోమీటర్లే, ఊరు దాటక ముందే హైదరాబాద్.

నేను కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ముందుగా చెప్పే ట్రిప్పు లాస్ వేగాస్ నుంచి రీనో. యూఎస్-95 రోడ్డు. అసలు దూరం దాదాపు 700 కిలోమీటర్లు. దారి పొడవునా నెవాడా ఎడారి, మధ్యలో టోనోపా అనే పాత వెండి గనుల ఊరు. 1:35లో ఈ ట్రిప్పు 20 కిలోమీటర్లు. గంటకి 100 మీద పోతే 12 నిమిషాలు. 1:20లో 35 కిలోమీటర్లు, 21 నిమిషాలు. వినడానికి తొమ్మిది నిమిషాల తేడానే. కానీ 12 నిమిషాల్లో మనం చేసేది గేర్లు ఎక్కించడం, దించడం, ఊరు చేరడం. 21 నిమిషాలైతే ఒక దశ వస్తుంది: చేతులు స్టీరింగ్ మీద ఊరికే ఉంటాయి, రేడియో పాట మారుతుంది, ఎదురుగా వచ్చే బండి లైట్లు చాలా దూరం నుంచే కనిపించి చాలాసేపటికి గానీ దగ్గరికి రావు. అక్కడ మొదలవుతుంది లారీ తోలడం. టోనోపా దగ్గర రోడ్డు ఎత్తెక్కుతుంది, బరువు లోడుతో ఉంటే స్పీడు పడిపోతుంది, రాత్రి పూటైతే ఊరి దీపాలు కనిపించగానే నిజంగానే ఒక టీ తాగుదామా అనిపిస్తుంది. వేగాస్ నుంచి టోనోపాకి అసలు దూరం సుమారు 340. పాత స్కేలులో ఆరు నిమిషాలు కూడా పట్టేది కాదు. అంత తొందరగా చేరిన ఊళ్లో ఆగాలని ఎవరికి అనిపిస్తుంది?

ఇక గడియారం సంగతి. ఆటలో కాలం కూడా అదే లెక్కన పరిగెడుతుంది: హైవే మీద మన ఒక్క నిమిషానికి అక్కడ 20 నిమిషాలు. జీపీఎస్‌లో చూపించే దూరం కూడా అసలు దూరమే. అందుకే 700 కిలోమీటర్ల ట్రిప్పుకి అక్కడి గడియారంలో ఏడు గంటలు గడుస్తాయి, డెలివరీ టైమూ దానికి తగ్గట్టే ఉంటుంది. దూరం, వేగం, కాలం మూడూ ఒకదానికొకటి సరిపోతాయి కాబట్టి బుర్రకి ఎక్కడా తప్పు అనిపించదు. ఊళ్లోకి రాగానే మాత్రం గడియారం నెమ్మదిస్తుంది: నిమిషానికి మూడు నిమిషాలే. ఇది అవసరం. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగి, గోడౌన్ సందులోకి ట్రైలర్ వెనక్కి పెట్టడానికి మనకి పట్టే సమయం అసలు సమయమే కదా. దాన్ని కూడా 20తో హెచ్చిస్తే ప్రతి డెలివరీ లేటే.

నాన్న ఒకసారి పక్కన కూర్చుని ఒక ట్రిప్పు మొత్తం చూశారు. అద్దాల్లో వెనక బండి కనిపించడం, దిగుడులో ఇంజిన్ బ్రేకు పడటం చూసి సంతోషించారు. చివర్లో అడిగారు: "అంతా బాగానే ఉంది గానీ నాన్నా, ఎనిమిది గంటలు నడిపినా నీకు నిద్ర రాదేంట్రా?" ఆటలో డ్రైవరుకి నిద్ర వస్తుంది, ఆవలిస్తాడు, తెర మసకబారుతుంది, ఆపి పడుకోబెట్టాలి. కానీ ఆయన అడిగింది నా గురించి. లారీవాళ్లకి దూరం అంటే ఒంటికి తెలిసే అలసట. ఆ మాట విన్నప్పటి నుంచి ప్రతి కొత్త రాష్ట్రాన్నీ నేను దాంతోనే కొలుస్తున్నాను: ఈ రోడ్డు కొంచెమైనా అలుపు తెప్పిస్తుందా?

అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, కుదించేది పొడవునే. లారీని కుదించలేరు, రోడ్డు వెడల్పుని కుదించలేరు. లేన్ వెడల్పు అసలు లేన్ అంతే, 53 అడుగుల ట్రైలరు 53 అడుగులే. ఒక హైవే మీద నుంచి ఇంకో హైవేకి మారే ఇంటర్‌చేంజ్‌ని తీసుకోండి. ర్యాంపులు, అంటే ఎక్కే, దిగే దారులు, అసలు లారీ తిరిగేంత వంపుతో ఉండాలి, కాబట్టి అటూ ఇటూ కలిపి అర కిలోమీటరు తింటుంది. 1:35 మ్యాపులో ఆ అర కిలోమీటరు 17 కిలోమీటర్ల దేశాన్ని మింగేసినట్టు. 1:20లో పది. పాత మ్యాపులో ఊళ్లు ఒకదాని మీద ఒకటి పడినట్టు ఉండటానికి కారణం ఇదే: రోడ్డు పొడవంతా ర్యాంపులకే సరిపోయింది. స్కేలు మార్చాక ఒక ఎగ్జిట్‌కీ తర్వాతి ఎగ్జిట్‌కీ మధ్య చోటు దొరికింది. తర్వాతి ఏళ్లలో కాలిఫోర్నియాని విడతలవారీగా మళ్లీ కట్టినప్పుడు ఆ చోటుని బాగా వాడుకున్నారు. అయినా లాస్ ఏంజలెస్ లాంటి మహానగరం ఇందులో ఎప్పటికీ పూర్తిగా ఇమడదు. పేటలకి పేటలే ఎగిరిపోతాయి. అది ఈ పద్ధతికి ఉన్న హద్దు, ఒప్పుకోవాల్సిందే.

కొండల్లో లెక్క ఇంకా కష్టం. పొడవుని ఇరవయ్యో వంతు చేసి ఎత్తుని అలాగే ఉంచితే ప్రతి ఘాటీ గోడలా నిలబడుతుంది. అందుకని ఎత్తునీ తగ్గించాలి. మరీ తగ్గిస్తే కొండ గుట్ట అయిపోతుంది. మలుపుల్నీ కుదించలేరు, ట్రైలరు తిరగాలి కదా. అసలు రోడ్డులో ఇరవై మలుపులుంటే ఇక్కడ రెండో మూడో ఎంచుకుని పెట్టాలి. 2020 నవంబర్‌లో వచ్చిన కొలరాడోలో ఈ ఎంపిక నాకు అన్నిటికంటే నచ్చింది. ఐ-70 అనే హైవే మీద రాకీ పర్వతాలు దాటే చోట ఐసెన్‌హవర్ టనెల్ ఉంటుంది, అసలు పొడవు 2.7 కిలోమీటర్లు. అచ్చంగా స్కేలు ప్రకారం కడితే 135 మీటర్లు. మన బండి తల దూరిన కాసేపటికే తోక బయటపడుతుంది. ఇలాంటి చోట స్కేలుని పక్కనపెట్టి చేతితో, కంటితో నిర్ణయించాలి. యూఎస్-550 మీద మిలియన్ డాలర్ హైవే అనే దారి ఉంది, పక్కన రెయిలింగ్ లేని లోయ. దాన్ని తోలుతుంటే కిలోమీటర్లు ఎంత తగ్గించారో గుర్తు కూడా రాదు. పది కిలోమీటర్ల స్పీడులో అంగుళం అంగుళం చూసుకుంటూ పోతాం. అలుపు వస్తుంది. నాన్న అడిగిన నిద్ర కాదు గానీ, భుజాలు పట్టేస్తాయి.

ఇప్పటిదాకా చెప్పింది స్కేలు మారితే ఏమవుతుందన్నది. స్కేలు మారకుండానే దూరాలు మారిపోవడం ఇంకోటి ఉంది. నాకు అది మరీ ఇష్టం. కొత్త రాష్ట్రం తెరుచుకున్నప్పుడల్లా పాత ఊళ్ల మధ్య దూరం మారుతుంది.

జాక్‌పాట్ అనే ఊరుంది, నెవాడాకి ఈశాన్యంలో, సరిగ్గా ఐడహో సరిహద్దు మీద. కొన్ని క్యాసినోలు, రోడ్డు, అంతే. ఆట మొదలైన 2016 నుంచీ ఉంది. యూఎస్-93 మీద అక్కడిదాకా వెళ్తే ముందు దారి లేదు, రోడ్డుకి అడ్డంగా ఎర్ర గుర్తులు. ఎలా వచ్చామో అలా తిరిగి రావాలి. 2018 అక్టోబర్‌లో ఆరెగాన్ వచ్చింది, దాని తూర్పు చివర ఆంటేరియో అనే ఊరు. ఐ-84 అక్కడే ఆగిపోయేది. ఈ రెండు ఊళ్ల మధ్య అసలు దూరం ట్విన్ ఫాల్స్, బాయిసీ మీదుగా 370 కిలోమీటర్ల లోపే. కానీ ఆ రెండు ఊళ్ల మధ్యలో ఉన్న ఐడహోలో ఆటకి అప్పటికి రోడ్లే లేవు. జాక్‌పాట్ నుంచి దక్షిణంగా దిగి, ఐ-80 పట్టుకుని పడమరకి పోయి, ఆరెగాన్ ఎడారులన్నీ ఎక్కి ఆంటేరియో చేరాలి. అసలు దూరానికి కనీసం రెండింతల పైమాటే. 2020 జులైలో ఐడహో వచ్చింది. ఆ రోజు జాక్‌పాట్ అంగుళం కూడా కదల్లేదు, ఆంటేరియో కదల్లేదు, కానీ రెండూ పక్క ఊళ్లు అయిపోయాయి. అప్పటిదాకా ఆఖరి ఊరిగా ఉన్నది దారిలో ఆగే ఊరు అయింది. డీజిలు కొట్టించుకుని ముందుకు పోవచ్చు. కిరాయి కిలోమీటర్ల మీద కాబట్టి ఆ ఊళ్ల మధ్య లోడు విలువ కూడా మారిపోతుంది.

సాల్ట్ లేక్ సిటీ నుంచి పోర్ట్‌లాండ్‌కీ ఇదే కథ. 2019 నవంబర్‌లో యూటా వచ్చినప్పుడు నెవాడా చుట్టూ తిరిగి పోవాల్సిన లోడు, ఎనిమిది నెలల తర్వాత ఐ-84 మీద తిన్నగా పోయింది. బైపాస్ పడినప్పుడు, కొత్త వంతెన తెరిచినప్పుడు లారీ ఆఫీసుల్లో రేట్లు తిరగరాసుకుంటారు. ఆ సందడి ఎరిగినవాళ్లకి ఇందులో ఉన్న ఆనందం వేరే చెప్పక్కర్లేదు. రాష్ట్రం కొన్న రోజున నేను ఆ రాష్ట్రంలోకి పోను. దాని చుట్టూ ఉన్న పాత ఊళ్ల మధ్య లోడులు వెతుకుతాను. ఏ రెండు ఊళ్లు దగ్గరయ్యాయో చూడటం ముందు, కొత్త ఊళ్లు తర్వాత.

చాలాకాలం మూసి ఉన్న గేటు టుకుంకారీ అనే ఊరు. న్యూ మెక్సికో 2017 నవంబర్‌లో వచ్చింది. ఐ-40 తూర్పుగా టుకుంకారీ దాటాక టెక్సాస్ సరిహద్దు దగ్గర రోడ్డు అయిపోయేది. టెక్సాస్ వచ్చింది 2022 నవంబర్‌లో. ఐదేళ్లు. ఆ ఊరి మీద ఐదేళ్లు ఒకే వైపు నుంచి ట్రాఫిక్. గేటు తెరుచుకున్నాక టెక్సాస్‌లోని అమరిల్లో దాకా పోతుంటే, తెలిసిన రోడ్డుకి తెలియని కొనసాగింపు ఉండటం అనే అనుభవం నాకు ఇంకే ఆటలోనూ రాలేదు.

టెక్సాస్ గురించి ఆగి చెప్పాలి. స్కేలు పరీక్ష అంటే ఈ రాష్ట్రమే. ఐ-10 ఒక్క టెక్సాస్‌లోనే 1,400 కిలోమీటర్లు దాటి ఉంటుంది, ఎల్ పాసో నుంచి లూసియానా అంచు దాకా. 1:20లో అది 70 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకపోతే 42 నిమిషాలు. 1:35 ఉండి ఉంటే 24 నిమిషాల్లో అయిపోయేది. మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు, కుటుంబంతో ఎల్ పాసో దాకా కారులో వెళ్లొచ్చాడు. వెయ్యి కిలోమీటర్ల పైన. ఫోనులో అన్నాడు: "పొద్దున్న బయలుదేరాం రా తమ్ముడూ, చీకటి పడేదాకా టెక్సాస్‌లోనే ఉన్నాం. రాష్ట్రం అవదు." అదే దారి ఆటలో తోలి ఆయనకి వీడియో పంపాను. "ఊళ్లు కరెక్టే, ఎండిపోయిన గడ్డి రంగు కూడా కరెక్టే. అరగంటలో ఎలా తెచ్చావురా?" అన్నాడు. కానీ ఈ ఆటలో ఒకే రాష్ట్రంలో అరగంట తోలడం అంటే పెద్ద సంగతే. పడమటి టెక్సాస్‌లో పొడి నేల, చమురు తోడే పంప్‌జాక్‌లు, తూర్పుకి వచ్చేకొద్దీ పచ్చదనం. ఆ మార్పు మెల్లగా రావడానికి 70 కిలోమీటర్లు సరిపోయాయి. 40 కిలోమీటర్లయితే తెర మార్చినట్టు ఉండేది. 2016లో స్కేలు మార్చకపోయి ఉంటే టెక్సాస్ ఇలా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

ఇక నాకు నచ్చనిది. 2023 నవంబర్‌లో వచ్చిన కాన్సాస్, 2024 మేలో వచ్చిన నెబ్రాస్కా. కట్టడంలో లోపం లేదు. ధాన్యం ఎలివేటర్లు అనే ఎత్తైన గిడ్డంగులు, మబ్బులు, ఊరి వీధులు అన్నీ శ్రద్ధగా చేశారు. కానీ మైదానానికి ఉన్న ఆస్తి పొడవు ఒక్కటే. కొండ ఉన్నచోట కిలోమీటర్లు తగ్గించినా కొండ కొంత మిగులుతుంది. మైదానంలో కిలోమీటర్లు తీసేస్తే మిగిలేది తక్కువ. కాన్సాస్‌లో ఐ-70 పొడవు 680 కిలోమీటర్లు, ఆటలో 20 నిమిషాలు. అందులో ఇంటర్‌చేంజ్‌లు, ఊళ్లు, బంకులు వాటి వాటా అవి తీసుకున్నాక, ఏమీ లేని రోడ్డు అనేది వరసగా మూడు నాలుగు నిమిషాలు మించి దొరకదు. అక్కడి రైతు బతుకు, అక్కడి డ్రైవరు విసుగు అంతా ఆ ఏమీ లేకపోవడంలోనే ఉంది. నా సలహా: ఈ రాష్ట్రాల్లో రెండు మూడు ఊళ్లు తగ్గించి ఆ చోటుని ఖాళీగా వదిలేసి ఉండాల్సింది. కొనేవాళ్లు ఊళ్లు లెక్కపెడతారని కంపెనీకి తెలుసు. ఊళ్ల లెక్క చూసి మ్యాపు కొనొద్దని నేను తోటి ఆటగాళ్లకి చెబుతూనే ఉంటాను.

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఉన్నవాళ్లకి ఒక ముచ్చట. అందులో యూరప్ ప్రధాన భూభాగం 1:19, బ్రిటన్ మాత్రం 1:15. లండన్ నుంచి ఎడిన్‌బరో సుమారు 650 కిలోమీటర్లు. 1:19 అయితే 34 కిలోమీటర్లు అయ్యేది, అక్కడ 43 వస్తుంది. అంటే బ్రిటన్‌లో లోడు తోలితే అదే దూరానికి ఫ్రాన్స్ కంటే పావు వంతు ఎక్కువసేపు పడుతుంది. ఒకే మ్యాపులో రెండు స్కేళ్లు ఎలా కుదిరాయి అంటే, మధ్యలో ఇంగ్లిష్ ఛానల్ ఉంది. కాలే దగ్గర ఫెర్రీ ఎక్కుతాం, డోవర్‌లో దిగుతాం, స్కేలు మారిందని తెలియనే తెలియదు. నాకు బ్రిటన్ రోడ్లంటే ఉన్న ప్రేమకి సగం కారణం ఆ 1:15.

కొనేవాళ్లకి సూటిగా చెబుతాను. మూల ఆటతో కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా వస్తాయి. నెల రోజులకి అది చాలు. తర్వాత రాష్ట్రాలు కొనేటప్పుడు పేరు చూసి కాదు, సరిహద్దు చూసి కొనండి. మన దగ్గర లేని రాష్ట్రంలోకి రోడ్డు తెరుచుకోదు, మధ్యలో ఒకటి వదిలేస్తే దారి తెగుతుంది. న్యూ మెక్సికో లేకుండా టెక్సాస్ కొంటే పడమటి నుంచి తోలుకుంటూ పోయే ఆనందమే ఉండదు. నా వరసలో న్యూ మెక్సికో, టెక్సాస్ ముందు. వేసవి సేల్‌లో యూటా, ఐడహో, ఆరెగాన్ మూడూ కలిపి తీసుకుంటే ఐ-84 పూర్తిగా మీది. కొలరాడో ఎప్పుడైనా కొనొచ్చు, కానీ స్టీరింగ్ చక్రం ఉన్నవాళ్లు ముందే కొనండి. కీబోర్డు మీద ఆ ఘాటీల రుచి సగమే. పెద్ద అప్‌డేట్ వచ్చే ముందు చేతిలో ఉన్న లోడు దించేయండి. రోడ్లు జరిగినప్పుడు ఆట మన బండిని తీసుకెళ్లి గ్యారేజీ దగ్గర పెట్టేస్తుంది, లోడు పోతుంది. సెట్టింగుల్లో మైళ్లని కిలోమీటర్లకి మార్చుకోండి. మనకి దూరం కిలోమీటర్లలోనే ఒంటికి ఎక్కుతుంది.

2024లో ఆర్కన్సాతో మ్యాపు మిసిసిపీ నది గట్టుకి చేరింది. ఇక ముందున్నది తూర్పు. అక్కడి లెక్క వేరు. పడమటి రాష్ట్రాల్లో ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్లు. తూర్పు తీరంలో న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియా 150. 1:20లో అది ఏడున్నర కిలోమీటర్లు. అసలు సైజులో కట్టాల్సిన ఇంటర్‌చేంజ్‌లు నాలుగైదు పెట్టేసరికి ఊళ్లకి, నదులకి మిగిలే చోటు ఎంత? బోస్టన్ నుంచి వాషింగ్టన్ 700 కిలోమీటర్లు, అంటే వేగాస్ నుంచి రీనో అంత. నెవాడాలో ఆ దూరంలో ఒక్క టోనోపా పెడితే సరిపోయింది. ఇక్కడ న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ పట్టాలి. తూర్పుకి వేరే స్కేలు పెట్టమని అడిగేవాళ్లు ఉంటారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ బ్రిటన్‌కి ఉన్న సముద్రం ఓహాయోకీ పెన్సిల్వేనియాకీ మధ్య లేదు. నేల మీద తోలుతూ తోలుతూ ఉండగా కిలోమీటరు విలువ మారిపోతే, ఆటలో కాలం, కిరాయి, డీజిలు అన్నీ మధ్యదారిలో తప్పుతాయి. బాల్టిమోర్ లేకపోయినా ఫర్వాలేదు, న్యూయార్క్‌లో నాలుగు రోడ్లే ఉన్నా ఫర్వాలేదు. టోనోపా దగ్గర కిలోమీటరు ఎంతో అక్కడా అంతే ఉండాలి.